ఆడి చూచిన తీర్పు: చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి జీవితము

వసిష్ఠ గోదావరి అంతర్వేదివద్ద సముద్రములో కలియుటకు ముందు నరసాపురమును ఒరసికొని పోవును. నరసాపురమునుండి మరికొంత పడమరకు సాగినచో కలిదిండి రాజుల మొగల్తూరు. ఉత్తరపు దారి పట్టినచో వీరవాసరము. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు గల ఈ సీమలో పెరిగిన ఒక బాలుడు, సంధ్య వాలిన తరువాత ఎదుటి మనుష్యుని ఆనవాలు పట్టలేనివాడు, పెద్దవాడై ఆంధ్రదేశమంతట రాత్రులందు ఆడబడు నాటకమును వ్రాసెను. ఆయనయే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు.

వారి జీవితమును పాఠశాలలలో సామాన్యముగా దేశభక్తి పాఠముగానో, అంగవైకల్యమును జయించిన ధీరుని కథగానో చెప్పుచుందురు. ఆ రెండును సత్యములే. కాని ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఆ జీవితమునందు మరియొక ప్రశ్న కలదు. దానిని అంతగా ఎవరును పట్టించుకొన్నట్లు కనబడదు. అచ్చయిన ఒక నాటకము మంచిదో చెడ్డదో తేల్చువారెవరు? చదివిన పండితుడా, ఆడిన నటుడా, వీధిలో చాపపరచుకొని కూర్చుండి చూచిన రైతా? ఈ ముగ్గురి తీర్పులును లక్ష్మీనరసింహంగారికి తమ జీవితకాలముననే ప్రాప్తించినవి. ఆ మూడును ఒక్కటిగా లేవు.

పుస్తకములలో రెండు తెగలు గలవు. కొన్నిటిని చదివి మూసినంతనే వాటితో మనకుగల పని తీరును. కొన్నిటి పని చదివిన తరువాతనే మొదలగును. నాటకము ఈ రెండవ తెగలోనిది. అది పదిమంది కలిసి వేషములు ధరించి, మాటలు పంచుకొని, ఒక రాత్రి నడుపుకొనుటకు వ్రాసియిచ్చిన ఏర్పాటు. దానిని కావ్యమువలె కుర్చీలో కూర్చుండి చదివి గుణదోషములు నిర్ణయించుట, ఇంటి పటమును చూచి ఆ ఇంటిలో గాలి ఎట్లు వీచునో చెప్పుటవంటిది. అనుభవశాలియైన మేస్త్రి కొంతవరకు చెప్పగలడు. తక్కినవారు ఊహింతురు.

లక్ష్మీనరసింహంగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. బాల్యము వీరవాసరమున గడచెను. చదువు కొంత నరసాపురమునను, తరువాత రాజమహేంద్రవరమునను సాగెను. పుట్టుకతోడనే వచ్చిన రేచీకటి క్రమముగా ముదిరి, నడివయస్సునకే చూపు పూర్తిగా పోయెను. పగటి వెలుతురున ఎట్లో చదువుకొన్న బాలునకు రాత్రి వేళ పుస్తకము ముట్టుకొనుటకు వీలులేకపోయెను. ఒకరు చదువగా వినుట, విన్నదానిని మనస్సున నిలుపుకొనుట వారికి చిన్ననాటినుండియు తప్పనిసరి విద్య అయ్యెను. వారి సంభాషణా రచనలో కనబడు చెవిపాటవమునకు ఇదియే మూలమని నా తలంపు. వారి పాత్రలు మాటలాడునపుడు ఆ మాటలు కంటికంటె ముందు చెవికి తగులును.

వారు యౌవనమున ప్రవేశించునాటికి గోదావరీ డెల్టా రూపు మారియుండెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల క్రింద పంటలు స్థిరపడినవి. గ్రామములందు నాలుగు డబ్బులు నిలిచినవి. రైలు వంతెన గోదావరిపై 1900లో గాని రాలేదు. అంతవరకు మనుష్యులును సామానును కాలువ పడవలలోనే తిరిగిరి. వీధినాటకములును తోలుబొమ్మలాటలును పల్లెలకు తెలిసినవే. తెర కట్టి, రంగములు విభజించి, వేళకు మొదలుపెట్టి వేళకు ముగించు క్రొత్తరకపు నాటకము మాత్రము 1880 ప్రాంతముననే రాజమహేంద్రవరమున అడుగు పెట్టెను. ఆ సంవత్సరమున ధార్వాడ నాటకసమాజమువారు వచ్చి ఆడిరి. ఆ సంవత్సరముననే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధినిని ఆడించిరి. బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో చిత్రనళీయముతో మరియొక మార్గమును తెరచిరి. వాద్యములకును పద్యగానమునకును ఆ మార్గమున ప్రాధాన్యము హెచ్చు.

రాజమహేంద్రవరమున ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉత్సాహవంతులు నాటకసమాజమును నడుపుచుండిరి. వారు ఒంగోలునందు ఉపాధ్యాయులుగా నుండినవారు. తమ శిష్యుడైన టంగుటూరి ప్రకాశమును చదువు చెప్పించుటకై తమతోడ రాజమహేంద్రవరమునకు తెచ్చుకొన్నవారు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి కాబోవు ఆ బాలుడు ముఖమునకు రంగు పూసికొని ఆ సమాజమునందే వేషములు కట్టెను. ఈ సమాజమునకు నాటకములు కావలెను. ఆడుటకు పనికివచ్చు తెలుగు నాటకములు ఆనాడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. సంస్కృతమునుండి తెచ్చినవి కొన్ని, ఇంగ్లీషునుండి తెచ్చినవి కొన్ని. వాటిని చదువవచ్చును గాని పల్లెటూరి పందిరి క్రింద నిలువబెట్టుట కష్టము. నాయుడుగారు ఇరువదిరెండేండ్ల లక్ష్మీనరసింహంగారిని అడిగిరి. 1889లో కీచకవధ వెలసెను. పిమ్మట ద్రౌపదీపరిణయము, శ్రీరామజననము, గయోపాఖ్యానము, పారిజాతాపహరణము, సీతాకల్యాణము, నలచరిత్రము ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

ఇచట ఒక విషయము గమనింపదగును. ఈ నాటకములను ఏ పత్రికకును ఏ పరీక్షాసంఘమునకును పంపి మెప్పు పొందుటకు ఆయన వ్రాయలేదు. ఫలానా మనుష్యులు, ఫలానా రాత్రి ఆడుటకు వ్రాసిరి. నటుడెవరో ఎరుగుదురు, ఎవని గొంతు ఎంత దూరము పోవునో ఎరుగుదురు, తెర ఎన్నిసారులు దింపుటకు వీలగునో ఎరుగుదురు. ఇట్టి పరిమితులు కవిని బంధించునని కొందరందురు. నాకు అట్లు తోచదు. కొలత తెలియని దర్జీ కుట్టిన చొక్కా ఎవరికిని పట్టదు.

గయోపాఖ్యానము సంగతి ఇంకను వివరముగా చెప్పవలయును. కథ మనవారందరు ఎరిగినదే. శ్రీకృష్ణుడు సూర్యునకు అర్ఘ్యమిచ్చుటకు దోసిలి పట్టి నిలుచుండగా, ఆకాశమార్గమున పోవుచున్న గయుడను గంధర్వుని తాంబూలపు ఉమ్మి ఆ దోసిలిలో పడును. కృష్ణుడు వానిని చంపెదనని ప్రతిన పూనును. గయుడు ప్రాణభీతితో అర్జునుని శరణు జొచ్చును. తనను తరుముచున్నవాడెవడో ముందుగా చెప్పడు. అర్జునుడు అభయమిచ్చిన పిదపనే తన ఎదుట నిలువబోవువాడు శ్రీకృష్ణుడని తెలియును. ఆడినమాట తప్పరాదు, బావమరదితో పోరరాదు. ఇరుపక్షముల మధ్య సుభద్ర నలిగిపోవును. నారదుడు రాకపోకలు సాగించును. చివరకు కృష్ణార్జునులు యుద్ధమునకే దిగుదురు.

ఈ కథను పండితుడు చదివినచో ఏమనును? ఇతివృత్తము పాతదనును, నాయకునకు ప్రతినాయకుడెవడని అడుగును, అంగిరసము వీరమా మరొకటా అని తర్కించును. నటులు చదివినచో వేరొకటి చూతురు. ఇందు దుష్టుడు లేడు. ప్రతి పాత్రకును తన పక్షమున న్యాయము గలదు. కృష్ణుని వేషము కట్టినవాడు తన ప్రతిన నిజమని నమ్మి మాటలాడవచ్చును. అర్జునుని వేషము కట్టినవాడును అంతే నమ్మకముతో బదులు చెప్పవచ్చును. ఎవడును ఓడిపోవుటకై నిలబడిన బొమ్మ కాడు. చిన్న వేషమునకు సైతము ఒక అక్కర కలదు: గయునకు ప్రాణము కావలెను, సుభద్రకు అన్నయు భర్తయు ఇద్దరును కావలెను. రంగమునకు కావలసిన సామగ్రి స్వల్పము. ఏనుగులును రథములును తెరచాటుననే ఉండవచ్చును. యుద్ధమంతయు ముందు మాటలలోనే జరుగును. ఇద్దరు మంచి నటులును ఒక దీపమును ఉన్నచో నాటకము నిలుచును. నటులు సామాన్యులైనను కథ బలముచేత నాటకము కుప్పగూలదు. ఈ చివరి గుణమును విమర్శకులు లెక్కలోనికి తెచ్చుకొనుట అరుదు. గొప్ప నటుడు ఎట్టి నాటకమునైనను గట్టెక్కించగలడు. పంటకోతలు ముగిసిన పిమ్మట పదునైదు దినములు మాత్రమే అభ్యాసము చేయు గ్రామయువకులచేత ఆడబడియు చెడని నాటకమే గట్టిగా కుదిరిన నాటకము.

అదే రచయిత, అదే సమాజము, అదే కాలము. అయినను నలచరిత్రమునకు గాని సీతాకల్యాణమునకు గాని గయోపాఖ్యానమునకు వచ్చిన వ్యాప్తి రాలేదు. భాషలో అవి తీసిపోయినవి కావు. సీతాకల్యాణమునందు విల్లు విరుగునని మొదటినుండి అందరికిని తెలియును. దానిని ఎవరును అడ్డగింపరు. కావున ఎదుటి పాత్రలకు చేయుటకు పని తక్కువ. గయోపాఖ్యానమున కృష్ణార్జునులు నిజముగా ఒకరినొకరు చంపుకొనరని తెలిసియు, ఈ చిక్కు ఎట్లు విడునా అని చూపరులు చివరివరకు కూర్చుందురు. చదువునపుడు ఈ భేదము అంతగా కనబడదు. ఆడునపుడు మొదటి గంటలోనే బయటపడును.

ఈ నాటకము మొదట వచనమునందే యుండెను. పద్యములు తరువాత చేర్చబడినవి. పద్యము లేని పౌరాణిక నాటకము చూపరులకు చప్పగా తోచుకాలము వచ్చెను. ఒకవంక బళ్లారి మార్గపు ప్రభావము, మరియొకవంక హార్మోనియము. కవి తన గ్రంథమును మార్చుకొనెను. శుద్ధవాదులు దీనిని లొంగుబాటు అనవచ్చును. పద్యము చేరిన చోట్ల సంభాషణపు వేగము తగ్గినమాట నిజమే. రాగము సాగుచుండగా కోపము చల్లారును. అయినను ఆడినవారి అనుభవము తిరిగి పుస్తకములోనికి వచ్చి చేరిన ఉదాహరణముగా దీనిని నేను గౌరవింతును. కావ్యము అచ్చుతో ముగియును; నాటకము అచ్చుతో ముగియదు.

గయోపాఖ్యానము లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయినదని ప్రసిద్ధి. అక్షరాస్యులు స్వల్పముగానున్న ఆ దినములలో ఈ సంఖ్య ఎట్లు కుదిరెనని ఎవరికైనను ఆశ్చర్యము కలుగును. అది కేవలము చదువరుల సంఖ్య కాదని తలచినచో ఆశ్చర్యము తగ్గును. నాటకమును ఆడదలచిన ప్రతి ఊరివారికిని ఒక ప్రతి చాలదు; కృష్ణునకొకటి, అర్జునునకొకటి, తెరవెనుక అందించువానికొకటి కావలెను. ఈ ప్రతులు అలమారలలో నిలిచినవి కావు, చేతులలో నలిగినవి. ఊరూర ఇట్టి కొనుగోలు జరుగుటయే ఒక విమర్శనము. దానికి పేరు లేదు, సంతకము లేదు, అలంకారశాస్త్రము లేదు. అయినను డబ్బు చెల్లించి, రాత్రులు మేలుకొని, ఊరి ఎదుట పరువు పణముగా పెట్టి చేసిన విమర్శనము అది.

ఇక కవి సంగతి. నాటకములు రాత్రివేళ ఆడబడును. రేచీకటిగల ఆయనకు తమ నాటకము ఆడుచున్నపుడు దీపపు వెలుతురున రంగస్థలమెంత కనబడియుండునో మనము ఊహించుకొనవలసినదే. చూపు పూర్తిగా పోయిన పిదప ఆ కొద్దిపాటియు లేదు. ఏ మాటకు జనము నవ్వెనో, ఏ మాటకు ఊపిరి బిగబట్టెనో, ఎప్పుడు వెనుకవరుసలలో కబుర్లు మొదలయ్యెనో వినియే వారు తెలిసికొనవలసియుండెను. తన పుస్తకమునకు ఇంతకంటె నిజమైన సమీక్ష ఏ రచయితకును లభింపదు. నిలువబడి మెచ్చుకొనువాడు మొగమాటమునకు మెచ్చుకొనవచ్చును. చీకటిలో ఆవులించువాడు మొగమాటమునకు ఆవులించడు.

అచ్చయిన విమర్శనముల స్థితి ఆనాడెట్లుండెనో కొంచెము చూడవలయును. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను మాత్రమే ముగించి పోగా, తరువాతి భాగములను కొక్కొండ వెంకటరత్నము పంతులుగారును వీరేశలింగము పంతులుగారును వేరువేరుగా రచించిరి. ఒకరి విగ్రహతంత్రమును మరియొకరు అక్షరమక్షరము పరీక్షించిరి. 1876లో వెలువడిన విగ్రహతంత్ర విమర్శనము ఆధునికాంధ్ర విమర్శకు తొలిమెట్టులలో ఒకటి. అది పాండిత్యభరితము. అయితే దానిలో వ్యాకరణదోషమునకున్న చోటు కథ నడకకు లేదు. తరువాత వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రమునకును అట్టి పరీక్షయే వచ్చెను. 1878లో వివేకవర్ధనియందు ప్రకటింపబడి, 1887లో ఆంగ్లానువాదమై లండనునందు సైతము అచ్చుపడిన ఆ వచనప్రబంధమును కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు తీవ్రముగా విమర్శించిరి. గోల్డుస్మితు వ్రాసిన ఆంగ్లకథకు ఇది ఎంత ఋణపడియున్నదను విషయము ఆ వాదమున ముఖ్యమైనది. వీరేశలింగముగారు బదులు వ్రాసిరి. నవల అను పేరును మనకు ప్రసాదించినవారు ఆ బ్రహ్మయ్యశాస్త్రిగారేయని ప్రతీతి. ఆ వాదప్రతివాదములనుండి చదువరికి కలిగిన లాభము గొప్పది; విమర్శించినవాడు గ్రంథమును తుదివరకు చదివియున్నాడు, దోషము ఈ చోట గలదని వ్రేలు పెట్టి చూపెను. కోపమున్నను సాక్ష్యమున్నది. తరువాతి కాలమున కొన్ని పత్రికలందు పెరిగిన మరియొక జాతి సమీక్ష, కాగితము బాగున్నది, అచ్చు ముచ్చటగా నున్నది, వెల స్వల్పము, ఆంధ్రులెల్లరు కొని చదువవలయును అని నాలుగు పంక్తులలో తేల్చును. దానిని వ్రాయుటకు పుస్తకమును తెరువవలసిన పనిలేదు. ఈ రెండింటిలో నాకు కోపిష్ఠి విమర్శకుడే ఇష్టుడు.

చింతామణి పత్రిక ఈ స్థితిని కొంత మార్చెను. న్యాపతి సుబ్బారావు పంతులుగారు స్థాపించి, వీరేశలింగముగారి సంపాదకత్వమున 1891నుండి వెలువడిన ఆ పత్రిక, 1893 మొదలుకొని నవలలకు పందెములు పెట్టి బహుమానములిచ్చెను. నవల అనునది ఏమో దేశమున చాలమందికి తెలియని కాలమున, ఏది మంచి నవలయో తేల్చుటకు పూనుకొనుట సాహసము. కొలబద్దయే ఇంకను తయారుకాలేదు. 1894లో లక్ష్మీనరసింహంగారి రామచంద్రవిజయమునకును, 1896లో హేమలతకును బహుమానములు వచ్చినవి. మొదటిది మన ఊళ్ల జీవనమునకు దగ్గరగా నడచిన సాంఘికకథ. రెండవది రాజపుత్రుల చరిత్రమును ఆధారము చేసికొన్నది. ఒకే ఊరివారు, ఒకే సంస్కార వాతావరణమునకు చెందినవారు తీర్పరులును రచయితయు అయినపుడు, స్నేహము త్రాసును వంచలేదా అని నేటి విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. దానికి సమాధానము గ్రంథములలోనే వెదకవలయును. ఆనాటి తెలుగు వచనమున అంత సులభముగా కథ చెప్పగలిగినవారు అరుదు. ఆ విషయమున బహుమానము అన్యాయము కాదు. అయితే ఈనాడు హేమలతను పట్టుదలతో చదువవలయును గాని అది మనలను పట్టి చదివించదు. మలుపులు పాత్రల స్వభావమునుండి కాక రచయిత అవసరమునుండి పుట్టును. దూరమైనవారు తగినవేళకు తమంత తామే కలిసికొందురు. నాటకమునందు ఈ లోపమును నటులు అభ్యాసములోనే పట్టియుందురు. నేను ఇప్పుడు ఇచ్చటికి ఎందుకు వచ్చితినని వేషధారి అడుగును. నవలలోని పాత్ర అట్లు అడుగలేదు గదా.

అహల్యాబాయి, సౌందర్యతిలక, కర్పూరమంజరి మొదలగు నవలలు తరువాత వచ్చినవి. టాడు దొరగారి గ్రంథము ననుసరించి రాజస్థాన కథావళియు వచ్చెను. లోకము వారిని ఆంధ్రస్కాటు అనెను; కన్నులు లేవు గనుక ఆంధ్రమిల్టను అనియు అనెను. ఈ బిరుదములు ప్రేమతో ఇచ్చినవే. కాని విమర్శనమునకు ఇవి చేసిన మేలు శూన్యము. స్కాటు అని పేరు పెట్టినంతమాత్రమున హేమలత గుణము పెరుగదు, గణపతి గుణము తెలియదు. స్కాటునందు లేనిదే గణపతియందు ఉన్నది.

గణపతి వారి రచనలలో విలక్షణమైనది. చరిత్రలేదు, వీరులులేరు. డెల్టా పల్లెలలోని ఒక బీద బ్రాహ్మణ కుటుంబము, చదువు అంటని ఒక మొండి బాలుడు, వాడు పెద్దవాడై తానే బడిపంతులై పిల్లలను బాదుట: ఇదియే కథ. ఉపాధ్యాయులు ఈ నవలను చదివి నవ్వుదురు, తరువాత కొంచెము ముఖము చిన్నబుచ్చుకొందురు. వెకిలితనము శ్రుతి మించినదని, కొట్లాటలు అధికమని దీనిపై ఆక్షేపణ కలదు. ఆక్షేపణ నిరాధారము కాదు. నడుమ కొన్ని ప్రకరణములను కుదించినచో పుస్తకమునకు హాని కలుగదు. అయినను వారి నవలలలో జనము నోట నిలిచిన పేరు ఇదియే. నాటకకర్త చెవియు వీరవాసరపు బాల్యమును ఇందు కలిసినవి. అట్లే పత్రికలకు వ్రాసిన చిన్న ప్రహసనములు నవ్వులగనియై వెలువడినవి. పాఠశాలా వార్షికోత్సవములకు ఏ నాటకమును ఎన్నుకొందుమా అని తలపట్టుకొను ఉపాధ్యాయులు వాటిని ఒక్కసారి పిల్లలచేత బిగ్గరగా చదివించి చూచిన బాగుండును. మౌనముగా చదివి పక్కన పెట్టినచో వాటి రుచి తెలియదు.

కవి గృహమునందే కూర్చుండి గ్రంథములు చెప్పి వ్రాయించుకొన్నవాడు మాత్రము కాడు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయుడై తెలుగు చెప్పెను. మనోరమ, దేశమాత అను పత్రికలను నడిపెను. 1909లో హరిజన బాలుర కొరకు రామమోహన పాఠశాలను నెలకొల్పెను. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినపుడు ఆ ఉపన్యాసములను తెలుగున వినిపించినవారు లక్ష్మీనరసింహంగారే. ఆ సందర్భమున భరతఖండమును పాడియావుతో పోల్చి ఆశువుగా చెప్పిన పద్యము ఆంధ్రదేశమంతట పాకెను. దానిని ఏ సమీక్షకుడు పరీక్షింపలేదు. విన్నవారు కంఠస్థము చేసికొని ఇంటికి పోయిరి.

తరువాత వారు భాసుని నాటకములను తెనిగించిరి. తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు తాళపత్రములనుండి వెలికిదీసి 1912 మొదలుకొని ప్రకటించిన ఆ పదుమూడు నాటకములు సంస్కృతజ్ఞుల నడుమ గొప్ప వివాదమును లేపినవి. ఇవి భాసునివేనా, కావా? పండితులు ఏండ్లతరబడి ఈ ప్రశ్నను చర్చించిరి. ఇంతలో కేరళమునందలి చాక్యారులు వీటిలో కొన్నిటిని తమ కూడియాట్టమున తరతరములుగా ఆడుచునేయుండిరి. వారికి కర్త ఎవరన్నది ముందు ప్రశ్న కాలేదు. పొట్టివి, మాటలు సూటియైనవి, రంగమునకు ఒదిగినవి అగు ఈ నాటకములు గయోపాఖ్యానకర్తను ఆకర్షించుటలో వింతలేదు. ఒక అంకములో ముగియునవి కూడ వీటిలో గలవు. కీచకవధ వ్రాసిన చేయి వాటి విలువను వెంటనే గుర్తించియుండును.

1943లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుదమునిచ్చెను. అప్పటికి కీచకవధ వెలసి ఏబదినాలుగేండ్లు. పండితలోకపు తీర్పు పల్లె తీర్పునకు అరశతాబ్ది వెనుక వచ్చెనని కొందరు హేళన చేయుదురు. అది పూర్తిగా న్యాయము కాదు. పల్లెవారు ఒక నాటకమునకు తీర్పు చెప్పిరి. విశ్వవిద్యాలయము ఒక జీవితమునకు చెప్పవలసివచ్చెను. చరమదశయందు చెప్పి వ్రాయించిన స్వీయచరిత్రయందు ఆయన తమ నాటకముల పుట్టుకను, నటులను, సమాజములను స్మరించుకొనిరి. డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు, ఏ కాగితమును చూచుకొనుటకు వీలులేక, జ్ఞాపకమునుండియే అన్నియు చెప్పెను. తెలుగు నాటకచరిత్ర వ్రాయువారు నేటికిని ఆ గ్రంథమును తప్పించుకొనలేరు. 1946వ సంవత్సరము జూన్ 17వ తేదీన వారు పరమపదించిరి.

ఆ తరువాత 1963లో కె. వి. రెడ్డిగారు కృష్ణార్జునుల యుద్ధకథను చలనచిత్రముగా తీసిరి. రామారావుగారు కృష్ణుడు, నాగేశ్వరరావుగారు అర్జునుడు. ప్రతిపక్షమునకును న్యాయముగల ఆ పాత చిక్కు వెండితెరమీదను పనిచేసెను. 1948లో విజయవాడయందు ఆకాశవాణి కేంద్రము నెలకొన్న పిదప గణపతి నవల రేడియో నాటకమై ప్రసారమయ్యెను. మొగల్తూరునను వీరవాసరమునను, రేడియో ఉన్న ఇంటి అరుగులమీద చేరినవారికి అందు చూచుటకు తెరలేదు, రంగు లేదు, దీపములేదు. గొంతులు మాత్రమే వినబడుచుండెను.